ఫార్ములా చెప్పమంటే మందు అత్తరైపోయింది

యూడీకొలోన్ అనే పేరు వినని పాతతరం వాళ్ళు తెలుగునాట తక్కువ. జ్వరమొస్తే నుదుటి మీద వేసే తడిగుడ్డలో నాలుగు చుక్కలు, ఎండన పడి వెళ్తుంటే జేబురుమాల్లో రెండు చుక్కలు. అసలు పేరు ఓ ద కొలోన్. ఫ్రెంచి మాట, "కొలోన్ నీళ్ళు" అని అర్థం. కొలోన్ అనేది జర్మనీలో రైన్ నది ఒడ్డునున్న నగరం. ఊరు జర్మనీది, పేరు ఫ్రెంచిది, తయారుచేసిన వాళ్ళు ఇటలీ వాళ్ళు. ఈ మూడూ ఎలా కలిశాయో చెప్పడం సరదాగానే ఉంటుంది గానీ, నేను ఈ వ్యాసం మొదలుపెట్టింది అందుకు కాదు. ఒకప్పుడు ఇది సర్వరోగ నివారిణి. లోపలికి తాగే మందు. ఒకరోజు ప్రభుత్వం "ఇందులో ఏముందో చెప్పు" అని అడిగింది. మర్నాటి నుంచి ఇది మందు కాదు, ఒంటికి పూసుకునే అత్తరు. హేతువాదులు తెలుసుకోదగ్గ కథ ఇది. మన భాషలో దీనిమీద రాసినవాళ్ళు నాకు కనిపించలేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

ముందు ఈ వస్తువు ఏమిటో చూద్దాం. చెట్ల నుంచి తీసిన నూనెలు కొన్ని, ఎక్కువ భాగం ఆల్కహాల్, కాస్త నీళ్ళు. నూనెల వంతు నూటికి రెండు నుంచి ఐదు పాళ్ళు మాత్రమే. బెర్గమాట్ అనే నారింజ జాతి కాయ తొక్క (ఇటలీ దక్షిణ కొసన కలాబ్రియాలో పండుతుంది), నిమ్మ, నారింజ తొక్కలు, చేదునారింజ పువ్వుల నుంచి తీసే నెరోలి, అదే చెట్టు ఆకులూ లేత కొమ్మల నుంచి తీసే పెటిగ్రెయిన్, రోజ్‌మేరీ, లావెండర్. నిమ్మాకు చేత్తో నలిపి వాసన చూడండి. ఆ పచ్చిదనమే పెటిగ్రెయిన్ కూడా. పువ్వు వాసన కన్నా ఆకు వాసన, పండు కన్నా తొక్క వాసన. తొక్కనూనెల్లో ప్రధానంగా ఉండేది లిమొనీన్. అది తొందరగా ఆవిరైపోయే పదార్థం. అందుకే యూడీకొలోన్ పూసుకున్న గంటా గంటన్నరలో మాయమవుతుంది. గంధం, కస్తూరి లాంటివి రోజంతా ఉంటాయి గానీ మే నెల మధ్యాహ్నం, చెమటతో కలిసి, పక్కవాడికి తలనొప్పి తెప్పిస్తాయి. వేసవి పగటిపూట వాడుకోవడానికి తేలికపాటి పచ్చివాసనే నయమని మూడు వందల ఏళ్ళుగా జనం అనుకోవడంలో మహిమ ఏమీ లేదు. అణువులు తేలిక కాబట్టి ఎగిరిపోతాయి, అంతే.

ఇక చరిత్ర. ఉత్తర ఇటలీలో పీడ్మాంట్ ప్రాంతంలో వాల్ విజెత్సో అనే కొండలోయ ఉంది. బీద ప్రాంతం. అక్కడి మగవాళ్ళు పొగగొట్టాలు శుభ్రం చేయడానికీ, తిరుగుడు వర్తకానికీ ఐరోపా అంతటా వలస పోయేవారు. మన పాలమూరు కూలీలు దేశమంతా పోయినట్టు. ఆ లోయలోని సాంతా మరియా మజ్జోరె అనే ఊళ్ళో 1685లో జొవాన్ని మరియా ఫరీనా పుట్టాడు. అతని అన్న కొలోన్‌లో 1709లో ఒక దుకాణం తెరిచాడు. సుగంధాలకని కాదు, పట్టు రిబ్బన్లు, నశ్యం డబ్బీలు, షోకు సామాన్లు అమ్మడానికి. తమ్ముడు 1714లో వచ్చి చేరాడు. పరిమళజలం అతని చేతి పని. తనకు పౌరహక్కు ఇచ్చిన నగరం మీద గౌరవంతో దానికి ఆ ఊరి పేరే పెట్టాడు. 1756 నుంచి 1763 దాకా ఏడేళ్ళ యుద్ధం జరిగినప్పుడు కొలోన్‌లో మకాం వేసిన ఫ్రెంచి సైనికాధికారులు సీసాలు ఇంటికి పట్టుకుపోయారు. ఫ్రెంచి పేరు స్థిరపడింది అలాగే. ఆ దుకాణం ఇప్పటికీ ఉంది.

ఆ కుటుంబం లెక్కల పుస్తకాలు, ఉత్తరాల నకళ్ళు దాచుకుంది. 1709 నుంచీ ఉన్నాయి, కొలోన్‌లోని వాణిజ్య దస్త్రాల భాండాగారంలో భద్రంగా ఉన్నాయి. నేను రక్షణ లెక్కల శాఖలో ముప్పై ఆరేళ్ళు పనిచేసినవాణ్ణి. బీకాం చదువు, ఆడిట్ ఉద్యోగం. నాకు చరిత్ర అంటే చివరికి వోచర్లే. ఎవరు గొప్పగా చెప్పారన్నది కాదు, ఎవరి దగ్గర కాగితం ఉందన్నది ముఖ్యం. ఆ లెక్కన ఫరీనాల దగ్గర కాగితం ఉంది.

వాళ్ళ పోటీదారు దగ్గర ఏముందో చూడండి. 4711 అనే నీలి-బంగారు లేబిల్ సీసా మీరు విమానాశ్రయాల్లో చూసే ఉంటారు. దాని పుట్టుక గురించి చెప్పే కథ ఇది: 1792 అక్టోబర్ 8న విల్‌హెల్మ్ మ్యూలెన్స్ అనే వర్తకుడి పెళ్ళి జరిగింది. ఆ రోజు కార్థూసియన్ మఠానికి చెందిన ఒక సన్యాసి వచ్చి, పెళ్ళికానుకగా ఒక తోలుకాగితం చేతిలో పెట్టాడు. అందులో "అద్భుత జలం" తయారీ రహస్యం ఉంది. సన్యాసి, రహస్యం, శుభముహూర్తం, కానుక. ఈ నాలుగూ ఒకచోట చేరితే మన హేతువాదులకు చెవులు నిక్కబొడుచుకోవాలి. హిమాలయాల్లో సాధువు ఇచ్చిన మూలిక, తాతగారి కల్లో కనిపించిన స్వామి చెప్పిన లేహ్యం, ఇవన్నీ ఒకే అచ్చులో పోసినవి.

ఇందులో ఆడిట్ అభ్యంతరం ఒకటుంది. ఇదే మ్యూలెన్స్ 1803లో ఫరీనా అనే ఇంటిపేరున్న ఒక వ్యక్తి దగ్గర ఆ పేరు వాడుకునే హక్కు డబ్బిచ్చి కొన్నాడు. ఆ వ్యక్తికీ సుగంధం చేసే ఫరీనాలకీ సంబంధం లేదు. దేవుడి దయవల్ల దివ్యమైన సూత్రం చేతికొచ్చినవాడు ఎదుటి దుకాణం పేరు ఎందుకు కొనుక్కోవాలి? కొన్న పేరును అతను మళ్ళీ ఇతరులకు అమ్మాడు కూడా. కొలోన్ నిండా నకిలీ ఫరీనాలు తయారయ్యారు. దశాబ్దాల తరబడి కోర్టు వ్యాజ్యాలు నడిచాక, 1881లో మ్యూలెన్స్ మనవడు ఆ పేరు వదులుకుని, తమ ఇంటి నంబరు 4711ని సరుకు పేరుగా పెట్టుకోవాల్సి వచ్చింది. ఈ నంబరుకీ ఒక కథ కట్టారు. ఫ్రెంచి సైనికుడు గుర్రం మీద కూర్చుని గోడమీద 4711 అని రాస్తున్నట్టు బొమ్మ. నిజానికి 1794 అక్టోబర్‌లో ఫ్రెంచి సేనలు నగరంలోకి వచ్చే వేళకు నగరపాలకులే ఇళ్ళకు వరస నంబర్లు వేయించమన్నారు. మునిసిపాలిటీ గుమాస్తా వేసిన నంబరు. గుమాస్తా బొమ్మతో సీసాలు అమ్ముడుపోవు కదా!

సరే, "అద్భుత జలం" సంగతికి వద్దాం. లాటిన్‌లో ఆక్వా మిరాబిలిస్. ఇది ఒక్క కొలోన్ సొత్తు కాదు. ఐరోపా మందుల కొట్లలో ఇలాంటి నీళ్ళు శతాబ్దాల నుంచి ఉన్నాయి. వీటిలో పాతది "హంగరీ రాణి జలం": ఆల్కహాల్‌లో రోజ్‌మేరీ. అది వాడి డెబ్భై రెండేళ్ళ రాణి పడుచుపిల్లలా మారిందనీ, పోలండ్ రాజు పెళ్ళాడతానన్నాడనీ కథ. ఈ నీళ్ళతో పాటు ఇచ్చే కరపత్రాల్లో తలనొప్పి, పంటినొప్పి, గుండెదడ, ప్లేగు, ఇలా వరసగా రోగాల పేర్లుండేవి. ద్రాక్షసారాలోనో నీళ్ళలోనో చుక్కలు వేసుకుని తాగాలి. ఒకే మందు పంటికీ, గుండెకీ, ప్లేగుకీ పనిచేస్తుందంటే దేనికీ పనిచేయదని అర్థం. ఈ సూత్రం ఇప్పటికీ వర్తిస్తుంది.

అయితే ఆనాటి వాళ్ళని మరీ వెక్కిరించడం నాకిష్టం లేదు. వాళ్ళ నమ్మకం వెనక ఒక సిద్ధాంతం ఉంది. రోగాలు చెడుగాలి వల్ల వస్తాయనుకునేవారు. కుళ్ళిన వాసన ఎక్కడుంటే రోగం అక్కడుంటుంది. ఇందులో కొంత పరిశీలన ఉంది కూడా. మురికివాడల్లో కంపు ఉంటుంది, కలరా కూడా ఉంటుంది. మరి చెడువాసన రోగమైతే మంచివాసన మందు కావాలి. తర్కం సరిగానే ఉంది, మొదటి మెట్టే తప్పు. ప్లేగు వైద్యులు పక్షి ముక్కులాంటి తొడుగులో సుగంధ మూలికలు కుక్కుకుని తిరిగింది ఈ సిద్ధాంతం ప్రకారమే. అత్తరు సీసా ఆ రోజుల్లో విలాసం కాదు, ఇప్పటి మాస్కులాంటిది.

ఈ చెడుగాలి సిద్ధాంతాన్ని పడగొట్టిన పరిశోధనల్లో ముఖ్యమైనవి మన ఉపఖండంలో జరిగాయి. కలరాకు కారణం తాగేనీళ్ళని 1854లోనే లండన్‌లో జాన్ స్నో చూపించాడు గానీ పెద్దలు చాలామంది ఒప్పుకోలేదు. 1884లో రాబర్ట్ కాక్ కలకత్తాలో కలరా సూక్ష్మజీవిని వేరుచేశాడు. 1896లో బొంబాయిని ప్లేగు పట్టుకుంది. రెండేళ్ళకు, 1898లో, పాల్ లూయీ సీమాన్ అనే ఫ్రెంచి వైద్యుడు కరాచీలో, ఎలుకల మీది గోమార్ల ద్వారా ప్లేగు వ్యాపిస్తుందని తేల్చాడు. ఈ రెంటికీ మధ్యలో, 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాదులో సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. బేగంపేటలో ఆయన పేరిట ఉన్న భవనం ఇప్పటికీ ఉంది. మలేరియా అనే మాటకు ఇటాలియన్‌లో అర్థమే చెడు గాలి. ఆ పేరులోని అబద్ధం తేలిపోయింది మన ఊళ్ళోనే. హైదరాబాదు వాళ్ళకి చార్మినార్ మీద ఉన్నంత గర్వం ఆ భవనం మీద లేదు. ఎందుకో నాకు అర్థం కాదు.

రాస్‌కి ఎనభై ఏడేళ్ళ ముందు, సూక్ష్మజీవుల ఊసే లేని రోజుల్లో, అద్భుత జలానికి దెబ్బ తగిలింది ప్రయోగశాలలో కాదు. ప్రభుత్వ గెజెట్‌లో.

కొలోన్ అప్పటికి ఫ్రాన్సు పాలనలో ఉంది. 1794లో ఆక్రమించారు, 1814 దాకా ఉన్నారు. 1810 ఆగస్టు 18న నెపోలియన్ "రహస్య మందుల" మీద ఒక డిక్రీ జారీ చేశాడు. దాని సారాంశం ఇది. రహస్య మందులు అమ్ముకోవడానికి ఇంతకుముందు ఇచ్చిన అనుమతులన్నీ రద్దు. మందు కనిపెట్టానన్నవాడు అందులో ఏముందో, ఏ రోగానికో, ఇంతవరకు వాడిన అనుభవమేమిటో ప్రభుత్వానికి రాసివ్వాలి. వైద్య నిపుణుల సంఘం దాన్ని పరీక్షిస్తుంది. అపాయం లేదు, నిజంగా పనికొస్తుంది అని తేలితే ప్రభుత్వమే సొమ్ము చెల్లించి ఆ సూత్రాన్ని కొని ప్రజలకు వెల్లడిస్తుంది.

ఎంత న్యాయమైన బేరమో గమనించండి. నీ రహస్యాన్ని ఊరికే లాక్కోవడం లేదు. డబ్బిస్తానంటున్నాడు. నీ మందు నిజంగా గుండెదడ తగ్గిస్తే, ప్లేగు ఆపితే, ఇంతకన్నా ఏం కావాలి? ధనం వస్తుంది, కీర్తి వస్తుంది, లోకానికి మేలు జరుగుతుంది. కొలోన్ నీళ్ళ తయారీదార్లు ఏం చేశారు? కరపత్రాల్లోంచి రోగాల పేర్లు తీసేశారు. మాది మందు కాదు, ఒంటికి రాసుకునే పరిమళజలం అన్నారు. మందైతే ఫార్ములా చెప్పాలి, అత్తరైతే అక్కర్లేదు. సీసా అదే, లోపలి నీళ్ళవే. మారింది లేబిల్ ఒక్కటే.

నెపోలియన్‌ని నేను మెచ్చుకోవడం లేదు. యుద్ధోన్మాది, హైతీలో బానిసత్వాన్ని మళ్ళీ తేవాలని సైన్యాన్ని పంపినవాడు. పైగా తనే ఈ యూడీకొలోన్‌ని విపరీతంగా వాడేవాడు. సెయింట్ హెలీనా దీవిలో బందీగా ఉన్నప్పుడు కూడా మనుషుల చేత అలాంటిదే తయారుచేయించుకున్నాడు. అయినా ఆ డిక్రీ మంచి డిక్రీ. అడిగిన ప్రశ్న సరైన ప్రశ్న. వ్యక్తి మంచివాడా కాదా అన్నది వేరే ఖాతా.

లేబిల్ మారినంత మాత్రాన జనం అలవాటు మారలేదు. యూడీకొలోన్ తెల్లదొరల సామాన్లతో మన దేశానికి వచ్చి, పై తరగతి ఇళ్ళలో మళ్ళీ సగం మందుగానే కుదురుకుంది. ఇక్కడ దానికి మూడో అవతారం కూడా వచ్చింది. మన భాషలో "మందు" అన్న మాటకి రెండో అర్థం ఉంది కదా, ఆ అవతారం. మద్యనిషేధం 1937లో మద్రాసు రాష్ట్రంలో సేలం జిల్లాతో మొదలై మన చిత్తూరు, కడప జిల్లాలకూ వచ్చింది. బొంబాయిలో 1949లో చట్టం చేశారు. నిషేధం ఉన్నచోటల్లా ఆల్కహాల్ ఉన్న టానిక్కులకీ, పరిమళజలాలకీ గిరాకీ పెరగడం లోకసహజం. 1951లో బల్సారా కేసులో సుప్రీంకోర్టు, ఆల్కహాల్ కలిసిన మందులూ టాయిలెట్ సామగ్రీ ఇంట్లో ఉంచుకోవడాన్ని, వాడుకోవడాన్ని నిషేధించడం చెల్లదంది. తర్వాత 1955లో ఈ సరుకుల మీద ప్రత్యేకంగా ఎక్సైజ్ సుంకాల చట్టమే వచ్చింది. పేరులోనే "మందులు, టాయిలెట్ సామగ్రి" అని రెంటినీ కట్టేశారు. 2017లో జీఎస్టీ వచ్చేదాకా అది అమల్లో ఉంది. తాగితే ఒక పద్దు, రాసుకుంటే ఒక పద్దు, రోగానికైతే మరో పద్దు. సుంకం వేసేవాడికి సీసాలో ఏముందన్నది ఎప్పుడూ కచ్చితంగా తెలియాల్సిందే. రోగికి మాత్రం తెలియక్కర్లేదని వాదించేవాళ్ళు ఉండటం విచిత్రం.

జ్వరానికి యూడీకొలోన్ పట్టీ వేయడం మీద రెండు మాటలు చెప్పాలి. చల్లగా అనిపించే మాట నిజమే. అది ఆకుల నూనె గుణం కాదు, ఆవిరయ్యే ద్రవం ఒంటి వేడిని లాక్కుపోవడం. నిజానికి గ్రాముకి గ్రాము లెక్కవేస్తే నీళ్ళు ఆవిరవడానికి ఆల్కహాల్ కన్నా రెండున్నర రెట్లకు పైగా వేడి కావాలి. ఆల్కహాల్ త్వరగా ఎగిరిపోతుంది కాబట్టి ఝల్లుమనిపిస్తుంది, అంతే తేడా. మామూలు గోరువెచ్చని నీళ్ళ తడిగుడ్డ చాలు. చంటిపిల్లలకైతే ఆల్కహాల్ ఒంటికి పట్టించడం ప్రమాదం కూడా. చర్మం గుండా, ఊపిరి గుండా లోపలికి పోయి పిల్లలు స్పృహ తప్పిన సందర్భాలు వైద్య గ్రంథాల్లో ఉన్నాయి. పిల్లల డాక్టర్లు వద్దంటారు. ఇంట్లో పెద్దవాళ్ళు "మా అమ్మ వేసేది" అంటే మర్యాదగానే అయినా గట్టిగా కాదనండి.

ఇదే లెక్క మన వట్టివేళ్ళ తడికలకీ వర్తిస్తుంది. నేను జబల్‌పూర్‌లో పనిచేసిన రోజుల్లో మే నెలలో ఆఫీసు కిటికీలకు వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లేవారు. బయట "లూ" గాలి వీస్తుంటే లోపల పచ్చి మట్టివాసనతో చల్లగా ఉండేది. వట్టివేరు శరీరంలో వేడిని లాగేస్తుందని మా సెక్షన్‌లో ఒక పెద్దాయన ఉపన్యాసం ఇచ్చేవారు. మరి ఆ మహిమ విశాఖపట్నంలో ఎందుకు పనిచేయదు? అక్కడ గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది, తడిక మీది నీరు ఆవిరవదు. వేరు అదే, వాసన అదే, చల్లదనం మాత్రం రాదు. జబల్‌పూర్‌లో తడిగోనె కట్టినా చల్లగానే ఉంటుంది. వట్టివేళ్ళ వాసన నాకు ఇప్పటికీ ఇష్టం. వాసనకి వాసనగా విలువ ఇవ్వడానికి దాన్ని వైద్యం చేయక్కర్లేదు.

"చెట్టు నుంచి వచ్చింది కాబట్టి హాని లేదు" అనే మాటకు కూడా యూడీకొలోన్ చరిత్రే జవాబు చెప్తుంది. ఎండలో తిరిగే ఆడవాళ్ళ మెడమీద గోధుమరంగు చారలు, పతకం వేలాడినట్టు, రావడం ఐరోపా వైద్యులు గమనించారు. 1916లో ఫ్రాయిండ్ అనే వైద్యుడు దానికి కారణం యూడీకొలోన్‌లోని బెర్గమాట్ నూనె అని గుర్తించాడు. ఆ నూనెలో బెర్గాప్టెన్ అనే పదార్థం ఉంటుంది. అది చర్మం మీద ఉండగా ఎండ తగిలితే చర్మం కమిలి మచ్చ పడుతుంది. మెడ మీద రాసిన ద్రవం ఎంతవరకు కారిందో అంతవరకు మచ్చ. ఆ మచ్చలకు పతకం అనే అర్థం వచ్చే బెర్లాక్ అనే పేరే పెట్టారు. వేసవి పగటిపూట వాడే పరిమళానికి వేసవి పగటి ఎండే పడదన్న మాట! నూటికి నూరుపాళ్ళూ సహజమైన పదార్థం చేసిన పని ఇది. దాన్ని బాగుచేసింది రసాయన శాస్త్రం. ఇప్పుడు బెర్గాప్టెన్‌ని తీసేసిన బెర్గమాట్ నూనె వాడుతున్నారు, మిగిలేదానికి అంతర్జాతీయ పరిశ్రమ పరిమితులు పెట్టుకుంది.

న్యాయంగా ఉండాలంటే జమ పద్దు కూడా రాయాలి. 2020 మార్చిలో కరోనా వచ్చినప్పుడు టర్కీలో ఈ నీళ్ళకి ఒక్కసారిగా గిరాకీ వచ్చింది. అక్కడ దీన్ని కొలోన్యా అంటారు. ఇంటికొచ్చిన అతిథి చేతుల్లో పోయడం వాళ్ళ మర్యాద, మనం కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చినట్టు. నిమ్మవాసన కొలోన్యాలో సాధారణంగా ఎనభై శాతం ఆల్కహాల్ ఉంటుంది. టర్కీ ప్రభుత్వం పెట్రోల్‌లో ఇథనాల్ కలపాలన్న నిబంధనను కొంతకాలం ఆపి, ఆ ఇథనాల్‌ని కొలోన్యాకీ, క్రిమినాశకాలకీ మళ్ళించింది. అంత గాఢత ఉన్న ఆల్కహాల్ కరోనా వైరస్ పైపొరను కరిగిస్తుంది. అంటే మూడు వందల ఏళ్ళ కిందట మహమ్మారికి మందని అమ్మిన నీళ్ళు చివరికి ఒక మహమ్మారిలో పనికొచ్చాయి. కానీ అప్పుడు చెప్పిన కారణానికి కాదు, చెప్పిన పద్ధతిలోనూ కాదు. వాసన వల్ల కాదు, తాగడం వల్ల కాదు. చేతులకి రుద్దుకుంటే, ఆల్కహాల్ వల్ల. నారింజ పువ్వులు లేకపోయినా అదే ఫలితం. ప్లేగుకి మాత్రం ఇదీ పనిచేయదు. గోమారుకి చేతులు శుభ్రంగా ఉన్నా లేకున్నా ఒకటే.

మన దగ్గర 1810 నాటి ప్రశ్న ఇప్పటికీ పాతబడలేదు. 1954లో పార్లమెంటు మందులు, మాంత్రిక చికిత్సల (అభ్యంతరకర ప్రకటనల) చట్టం చేసింది. మధుమేహం, కాన్సర్ వంటి రోగాలు నయం చేస్తామని ప్రకటనలివ్వడం నేరం. చట్టం ఉంది, ప్రకటనలూ ఉన్నాయి. 2018లో ఆయుర్వేద, సిద్ధ, యునానీ మందుల ప్రకటనలకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేస్తూ 170వ నిబంధన తెచ్చారు. 2024 జూలైలో కేంద్రమే దాన్ని తీసేసింది. ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ తొలగింపును నిలిపివేసింది, 2025 ఆగస్టులో ఆ స్టేను ఎత్తేసి కేసు ముగించింది.

హైదరాబాదులో మృగశిర కార్తె నాడు ఉబ్బసానికి పంచే చేపమందు మన పాఠకులకు కొత్త కాదు. అందులో ఏముందో చెప్పమని, పరీక్షకు ఇవ్వమని హేతువాదులు, జనవిజ్ఞాన కార్యకర్తలు ఏళ్ళ తరబడి అడిగారు, కోర్టుకీ వెళ్ళారు. ఏమైంది? చేపమందు పేరు చేప ప్రసాదంగా మారింది. కొలోన్‌లో మందు అత్తరైంది, ఇక్కడ ప్రసాదమైంది. అత్తరు కావడమే నయం అనిపిస్తుంది నాకు. అత్తరు పూసుకున్నవాడు ఇన్‌హేలర్ మానేయడు.

మా కాలనీలో నాతోపాటు రిటైరైన ఒకాయన ఉన్నారు. లెక్కల్లో గట్టివాడు, పైసా తేడా వస్తే నిద్రపోని మనిషి. మధుమేహానికి డాక్టరిచ్చిన మాత్రలు మానేసి ఎనిమిది నెలలు ఎవరో ఇచ్చిన పొడి వాడారు. కాలి పుండు మానలేదు, రెండు వేళ్ళు తీసేయాల్సి వచ్చింది. ఆసుపత్రిలో చూడబోయినప్పుడు అడిగాను: "అందులో ఏముందో ఎప్పుడైనా అడిగారా అండీ?" అని. "అడిగాను. వంశపారంపర్య రహస్యం, చెప్తే గుణం పోతుందన్నారు" అన్నారాయన. సర్వీసంతా వోచరు లేని బిల్లుని వెనక్కి కొట్టిన మనిషి అన్న మాట అది. ఆయన్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పలేదు. నొప్పిలో ఉన్నవాడు ఆడిటర్‌లా ఆలోచించలేడు. అందుకే ఆ పని అతని తరఫున ప్రభుత్వం చేయాలి.

వాళ్ళ అబ్బాయి మిగిలిన పొట్లం నాకు తెచ్చి చూపించాడు. కళ్ళజోడు పెట్టుకుని ముందూ వెనకా చదివాను. తయారీదారు చిరునామా లేదు, బ్యాచి నంబరు లేదు. కింద చిన్న అక్షరాల్లో మాత్రం ఒక వాక్యం ఉంది: ఇది మందు కాదు, ఆహార పదార్థం.